మన పళ్ళెంలోని మాంసం ఏ జంతువుది?
డి.ఎన్.ఏ. పరీక్ష చెప్పేది, చెప్పలేనిది



ఇటీవల జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలలో జరిగిన ధార్మిక సమావేశాల్లో పాల్గొనే అవకాశం మాకు లభించింది. ప్రసంగాల అనంతరం ప్రశ్నోత్తరాల సమయంలో, ముందుగా అనుకున్నట్లుగా, మూడు చోట్లా దాదాపు ఒకే విషయం ముందుకు వచ్చింది.

కోరుట్లలో ఒక సోదరి పరదా వెనుక నుండి చీటీ పంపారు. ఆమె కుమారుడు గల్ఫ్ నుండి సెలవుపై వస్తూ సూపు పొడులు, జెల్లీ మిఠాయిలు, డబ్బాల్లో మాంసం తెచ్చాడు. "వాటిలో ఏమేం కలిసిందో మాకెలా తెలుస్తుంది? పిల్లలకు పెట్టవచ్చా?" అన్నది ఆమె సందేహం. సిరిసిల్లలో మరమగ్గాలపై పనిచేసే ఒక యువకుడు తన సెల్‌ఫోన్‌లోని వాట్సప్ సందేశం చూపించాడు. ఫలానా హోటల్‌లో మటన్ పేరుతో వేరే మాంసం వడ్డిస్తున్నారని అందులో ఉంది. దానిని అతను అప్పటికే పదిమందికి పంపాడు కూడా. ఇక జగిత్యాలలో ఒక పెద్దాయన లేచి, "మాంసం ఏ జంతువుదో చెప్పే డి.ఎన్.ఏ. మిషను వచ్చిందట కదా హజ్రత్! మస్జిద్ కమిటీ తరఫున ఒకటి కొనిపెట్టుకుంటే ఈ బాధ తప్పదా?" అని అడిగారు.

ముగ్గురి ప్రశ్నలూ న్యాయమైనవే. అప్పుడు చెప్పిన క్లుప్తమైన సమాధానంతో మాకే తృప్తి కలగలేదు. కాబట్టి ఈ పాఠంలో వాటిని వివరంగా పరిశీలిద్దాం.

మూల సూత్రం

ఆహారం విషయంలో దివ్యఖుర్ఆన్ మనకు స్పష్టమైన హద్దులు నిర్ణయించింది. చచ్చిన జంతువు, రక్తం, పంది మాంసం, అల్లాహ్ పేరు కాకుండా ఇతరుల పేరున కోయబడినది - ఈ నాలుగింటి నిషేధం అల్ బఖరా (2:173), అల్ మాయిదా (5:3), అల్ అన్ఆమ్ (6:145), అన్ నహ్ల్ (16:115) సూరాలలో వచ్చింది. ప్రాణాపాయ స్థితిలో గత్యంతరం లేక తిన్నవారికి ఉన్న మినహాయింపు కూడా ఆ నాలుగు చోట్లా ప్రస్తావించబడింది.

ధర్మసమ్మతమైనది స్పష్టంగా ఉందని, నిషిద్ధమైనది కూడా స్పష్టంగా ఉందని, ఆ రెంటి మధ్య చాలామందికి తెలియని సందేహాస్పద విషయాలు ఉన్నాయని, వాటికి దూరంగా ఉన్నవాడు తన ధర్మాన్ని, గౌరవాన్ని కాపాడుకున్నాడని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. హజ్రత్ నూమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది.

పూర్వం మన ఊళ్ళలో ఈ సందేహాలకు అంతగా తావుండేది కాదు. కసాయి ఎవరో తెలుసు, పొట్టేలు కళ్ళముందే ఉండేది. నేడు మాంసం ఎక్కడో కోయబడి, ఎక్కడో ఖీమాగా మారి, మరెక్కడో డబ్బాలో నిండి మన ఇంటికి వస్తున్నది. ఖీమా అయ్యాక కంటికి తేడా తెలియదు. మసాలా పట్టాక నాలుకకూ తెలియదు. అక్కడే విజ్ఞానశాస్త్రం సహాయం అవసరమైంది.

డి.ఎన్.ఏ. పరీక్ష అంటే ఏమిటి?

ప్రతి ప్రాణి కణాలలోనూ డి.ఎన్.ఏ. అనే సన్నని జంట పోగు ఉంటుంది. దానిపై ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాలు ఒక వరుసలో ఉంటాయి. ఒక పోగులోని ఎ ఎదుటి పోగులోని టి తోనే, జి కేవలం సి తోనే జతకడతాయి. ఈ అక్షరాల వరుసలో కొన్ని భాగాలు గొర్రెలో ఒక రకంగా, మేకలో ఒక రకంగా, పందిలో మరో రకంగా ఉంటాయి. చీర అంచు నమూనా చూసి అది ఏ ఊరి నేతో చెప్పే నేతగాడిలా, ఆ వరుసను చూసి శాస్త్రజ్ఞులు జంతువును గుర్తిస్తారు.

కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా అనే భాగాలకు తమదైన డి.ఎన్.ఏ. ఉంటుంది. ఒక్కో కణంలో దాని ప్రతులు వందల నుండి వేల సంఖ్యలో ఉంటాయి. అందువల్ల మాంసం ఉడికినా, వేగినా, ఎక్కడో ఒకచోట ఆ జాడ మిగిలే అవకాశం ఎక్కువ. పరీక్షలు చాలావరకు దీనిపైనే ఆధారపడతాయి.

మిగిలిన జాడ అతి స్వల్పం కాబట్టి దానిని ముందుగా పెంచాలి. ఇందుకు పి.సి.ఆర్. అనే పద్ధతి ఉంది. నమూనాను వేడిచేస్తూ, చల్లబరుస్తూ పోతే ప్రతి విడతలో కావలసిన డి.ఎన్.ఏ. ముక్క రెట్టింపవుతుంది. 30 విడతలు పూర్తయితే ఒక్క ముక్క లెక్కప్రకారం నూరు కోట్లు దాటుతుంది. లాంప్ అనే మరో పద్ధతిలో ఇలా వేడి మార్చే పని లేదు. దాదాపు 60 నుండి 65 డిగ్రీల వద్ద ఒకే వేడిలో ఉంచితే చాలు. ఖరీదైన యంత్రం అక్కరలేదు కనుక చిన్న ప్రయోగశాలలకు ఇది అనువైనది.

ఇక డి.ఎన్.ఏ. సెన్సర్ అంటే ఇదే జ్ఞానాన్ని చిన్న పరికరంలో ఇమిడ్చే ప్రయత్నం. ఉదాహరణకు, పంది డి.ఎన్.ఏ.కు మాత్రమే జతకట్టే ఒంటి పోగును ముందుగానే ఒక చిన్న పలకపై అతికిస్తారు. జిప్పుకు ఒక పక్క మాత్రమే ఉన్నట్లు అనుకోండి. నమూనాలో పంది డి.ఎన్.ఏ. ఉంటే రెండో పక్క వచ్చి దానికి అతుక్కుంటుంది. ఆ కలయికతో పలకపై ప్రవహించే విద్యుత్తు మారుతుంది. పరికరం దానిని గుర్తిస్తుంది. మరికొన్ని సెన్సర్లలో అతి సూక్ష్మమైన బంగారు రేణువులు వాడతారు. అవి ద్రవంలో విడివిడిగా ఉన్నప్పుడు ఎర్రగా, గుమిగూడితే ఊదా రంగుగా కనిపిస్తాయి. రంగును బట్టి ఫలితం తెలుస్తుంది. మలేషియా శాస్త్రజ్ఞులు ఈ బంగారు రేణువులతో పంది మాంసాన్ని గుర్తించే పద్ధతులపై పరిశోధనలు ప్రచురించారు.

మన హైదరాబాదులో

ఈ విద్య ఎక్కడో విదేశాల్లోనే ఉందని అనుకోనవసరం లేదు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి.కి చెందిన వర్మ, లాల్జీ సింగ్ అనే శాస్త్రజ్ఞులు 2003లో ఒక పద్ధతిని ప్రచురించారు. మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్-బి అనే జన్యువులోని చిన్న భాగాన్ని చదివి, నమూనా ఏ జంతువుదో తేల్చే పద్ధతి అది. అడవి జంతువుల వేట కేసులలో దొరికిన మాంసం, చర్మం, ఎముకలు ఏ జంతువువో న్యాయస్థానాల ముందు నిరూపించడానికి ఇటువంటి పద్ధతి అవసరం.

నగర శివార్లలోని చెంగిచెర్లలో భారత వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది. 1999లో జాతీయ మాంస పరిశోధన కేంద్రంగా ఇది మొదలైంది. మాంసం ఏ జంతువుదో డి.ఎన్.ఏ. ద్వారా గుర్తించే ప్రయోగశాల ఇక్కడ పనిచేస్తున్నది. లాంప్ పద్ధతిలో పంది మాంసాన్ని త్వరగా గుర్తించే విధానాన్ని ఈ సంస్థ శాస్త్రజ్ఞులు 2020లో ప్రచురించారు.

ఇలాంటి పరీక్షల వల్ల ఎంతటి విషయాలు బయటపడతాయో 2013 జనవరిలో ప్రపంచం చూసింది. ఐర్లాండ్ ఆహార భద్రతా సంస్థ మార్కెట్ నుండి 27 రకాల బీఫ్ బర్గర్లను తీసుకొని పరీక్షించింది. వాటిలో 10 రకాలలో గుర్రం డి.ఎన్.ఏ., 23 రకాలలో పంది డి.ఎన్.ఏ. కనిపించింది. ఒక నమూనాలోనైతే గుర్రపు మాంసం 29 శాతం దాకా ఉంది. డబ్బాపై మాత్రం బీఫ్ అనే ఉంది. ఈ మోసం వల్ల నష్టపోయింది ముస్లింలు మాత్రమే కాదు. ఏమి తింటున్నామో తెలుసుకునే హక్కు ఉన్న ప్రతి మనిషీ మోసపోయాడు.

ఈ సంఘటన ధాన్యం రాశి హదీసును గుర్తుకు తెస్తుంది. దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. పైన పొడిగా ఉన్నా లోపల తడి తగిలింది. వాన వల్ల తడిసిందని వర్తకుడు చెప్పాడు. జనం చూసేలా ఆ తడిసిన దానిని పైన ఉంచవలసిందని ఆయన మందలించారు. మోసం చేసేవానికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు (ముస్లిం). నేటి డి.ఎన్.ఏ. పరీక్ష కూడా రాశి లోపల చేయి పెట్టి చూడటం లాంటిదే. ఇస్లాం దీనిని వ్యతిరేకించదు, హర్షిస్తుంది.

పరీక్ష చెప్పలేని విషయాలు

అయితే జగిత్యాల పెద్దాయన ఆశించినట్లు, ఒక మిషను కొంటే బాధ తీరిపోతుందా? తీరదు. దీనికి కొన్ని కారణాలున్నాయి.

మొదటిది: డి.ఎన్.ఏ. జంతువు ఏదో చెబుతుంది. దానిని ఎలా కోశారో చెప్పదు. బిస్మిల్లాహ్ పలికి జబహ్ చేసిన కోడి డి.ఎన్.ఏ., చచ్చిన కోడి డి.ఎన్.ఏ. ఒకటే. "పంది జాడ లేదు" అన్న నివేదిక "ఇది హలాల్" అన్న ఫత్వా కాదు.

రెండవది: ఒకే జంతువులోని వేర్వేరు భాగాలకు డి.ఎన్.ఏ. ఒకటే. బిస్కట్‌లో ఆవు డి.ఎన్.ఏ. కనిపిస్తే అది పాలదో, వెన్నదో, మాంసానిదో ఆ పరీక్ష తేల్చదు. కేకులో కోడి జాడ గుడ్డు వల్ల కూడా రావచ్చు.

మూడవది: కొన్ని పదార్థాలలో డి.ఎన్.ఏ. దాదాపు మిగలదు. జంతువుల చర్మం, ఎముకల నుండి తీసే జెలటిన్ ఇందుకు ఉదాహరణ. జెల్లీ మిఠాయిలలో, మందుల క్యాప్సూళ్ళలో దీనిని వాడతారు. తయారీలో ఆమ్లం, క్షారం, వేడి తగిలి డి.ఎన్.ఏ. తునాతునకలవుతుంది. బాగా శుద్ధిచేసిన కొవ్వు పరిస్థితి కూడా ఇంతే. అక్కడ "ఏమీ కనిపించలేదు" అంటే "ఏమీ లేదు" అని అర్థం కాదు. ఇటువంటి వాటికి మాంసకృత్తుల ముక్కలను పరిశీలించే వేరే పరీక్షలు కావాలి.

నాలుగవది: ఈ పరీక్షకు చూపు మరీ ఎక్కువ. ఒకే కత్తితో, ఒకే మొద్దుపై రెండు రకాల మాంసం కొట్టినా జాడ అంటుకుంటుంది. ఐర్లాండులో పంది జాడ కనిపించిన బర్గర్లలో చాలావాటిలో అది అత్యల్పంగా ఉంది. ఒకే కర్మాగారంలో వేర్వేరు మాంసాలు తయారవడం అందుకు కారణం కావచ్చునని అధికారులు చెప్పారు. కాబట్టి జాడ కనిపించినంత మాత్రాన కావాలని కలిపారని నిర్ధారించలేం. ఎంత పరిమాణంలో ఉందో కూడా చూడాలి. అయితే మన ముస్లిం దుకాణదారులు, హోటలు యజమానులు దీని నుండి ఒక పాఠం నేర్చుకోవాలి. కత్తులు, మొద్దులు, గిన్నెలు వేరుగా ఉంచుకోవడం కేవలం శుభ్రత కాదు, అమానతు కూడా.

ఐదవది: పరీక్ష ఒక నమూనాకే వర్తిస్తుంది. నిన్నటి దేగ్‌కు వచ్చిన నివేదిక రేపటి దేగ్‌కు వర్తించదు.

అనుమానం వేరు, జాగ్రత్త వేరు

ఇప్పుడు సిరిసిల్ల యువకుని విషయానికి వద్దాం. అతనికి అందిన సందేశంలో తేదీ లేదు, నివేదిక లేదు, రాసినవారి పేరు లేదు. అయినా పదిమందికి పంపాడు. పంపడానికి అతనికి పట్టింది ఒక్క నిమిషం. నమూనా సేకరించి, ప్రయోగశాలకు చేర్చి, ఫలితం రాబట్టడానికి రోజులు పడుతుంది. ఈ లోపల ఆ హోటలు యజమాని గౌరవం, అక్కడ గిన్నెలు కడిగే పనివాని కూలి ఏమవుతాయి?

వార్త తెచ్చినవాడు నమ్మదగినవాడు కాకపోతే విచారించి నిజం తేల్చుకోవాలని, లేకుంటే తెలియక ఒక జనసమూహానికి హాని తలపెట్టి తరువాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని అల్ హుజురాత్ సూరా (49:6) హెచ్చరిస్తుంది. అదే సూరాలో (49:12) అతిగా అనుమానించడం నుండి, ఇతరుల గుట్టు వెతకడం నుండి విశ్వాసులు వారించబడ్డారు.

మాంసం గురించి పుట్టే పుకారు ఎంత ప్రమాదకరమో మన దేశంలో ముస్లింలకు ఎవరూ చెప్పనవసరం లేదు. నిందపడినవానికి ప్రయోగశాల నివేదికే కొన్నిసార్లు దిక్కవుతుంది. గేదె మాంసమా, ఆవు మాంసమా అన్నది కంటితో కాక పరీక్షతో తేలాలని మనం కోరుకుంటాం. మన విషయంలో సాక్ష్యం కావాలని కోరే మనం, ఇతరుల విషయంలో సాక్ష్యం లేకుండా తీర్పు చెప్పవచ్చా? హోటలు యజమాని ముస్లిమైనా, ముస్లిమేతరుడైనా న్యాయం ఒక్కటే.

హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం ఒకటి బుఖారీలో ఉంది. కొందరు తమకు మాంసం తెచ్చి ఇస్తున్నారని, దానిపై అల్లాహ్ పేరు పలికారో లేదో తమకు తెలియదని కొంతమంది దైవప్రవక్త (స)కు విన్నవించుకున్నారు. తెచ్చినవారు కొత్తగా ఇస్లాం స్వీకరించినవారు. అల్లాహ్ పేరు పలికి తినమని ఆయన (స) వారికి చెప్పారు. ఆ ఇళ్ళకు వెళ్ళి ఆరా తీయమని ఆదేశించలేదు. నిశ్చయంగా తెలిసినది కేవలం సందేహంతో తొలగిపోదన్నది ధర్మశాస్త్ర పండితుల సుప్రసిద్ధ సూత్రం. ముస్లిం కసాయి దగ్గర కొన్న మాంసం, బలమైన ఆధారం దొరికేదాకా హలాలే.

అయితే జాగ్రత్త వద్దా? కావాలి. దారిలో పడి ఉన్న ఖర్జూరాన్ని చూసి, అది దానధర్మాలకు సంబంధించినదేమోనన్న శంక లేకుంటే తినేవాడినని దైవప్రవక్త (స) అన్నారు. ఆ జాగ్రత్తను ఆయన తన విషయంలో పాటించారు. దాని పేరుతో ఎవరినీ నిందించలేదు. కాబట్టి జాగ్రత్తను మన నోటికి పెట్టుకోవాలి, నిందను ఇతరుల ముఖాన వేయకూడదు.

మరి మనం చేయవలసినదేమిటి?

కోరుట్ల సోదరి వంటి తల్లులు ముందుగా డబ్బాపై ఉన్న వివరాలు చదవాలి. మన దేశంలో తయారైన వాటిపై శాకాహారానికి ఆకుపచ్చ గుర్తు, మాంసాహారానికి గోధుమ రంగు గుర్తు ఉంటాయి. 471 సంఖ్య గల పదార్థం మొక్కల నూనె నుండి రావచ్చు, జంతువుల కొవ్వు నుండి కూడా రావచ్చు. 631 సంఖ్య గలది మాంసం, చేపల నుండి తీసినది కావచ్చు. 120 అంటే కీటకం నుండి తీసిన ఎర్రరంగు. జెలటిన్ అని మాత్రమే ఉండి ఏ జంతువుదో లేకపోతే అది సందేహాస్పదమే. విదేశీ డబ్బాపై నమ్మదగిన హలాల్ ముద్ర ఉందేమో చూడాలి. తేలకపోతే పక్కన పెట్టడమే క్షేమం. జెల్లీ మిఠాయి లేకపోతే పిల్లలకు కొరతేమీ రాదు. మన అత్తిపండు, ఖర్జూరం చాలు. మందుల విషయంలో మాత్రం సొంత నిర్ణయం తీసుకోకుండా వైద్యుణ్ణి, ధర్మపండితుణ్ణి సంప్రదించాలి. పదార్థం పూర్తిగా రూపాంతరం చెందితే దాని ధర్మాదేశం మారుతుందా అన్న విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి.

సిరిసిల్ల యువకునిలా బలమైన అనుమానం కలిగినవారికి చట్టం దారి చూపింది. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం-2006లోని 40వ సెక్షన్ ప్రకారం ఆహారం కొన్న ఏ వ్యక్తి అయినా నిర్ణీత రుసుము చెల్లించి దానిని ఫుడ్ అనలిస్టుతో పరీక్ష చేయించవచ్చు. అలా చేయించబోతున్నానని కొనే సమయంలోనే అమ్మకందారుకు తెలియజేయాలి. చట్టవిరుద్ధమని తేలితే రుసుము తిరిగి వస్తుంది. దొంగచాటుగా వీడియో తీయడం కంటే, ఎదురుగా చెప్పి పరీక్షకు పంపడంలోనే మగతనం, ధర్మం రెండూ ఉన్నాయి. నివేదిక వచ్చేదాకా నోరు, ఫోను రెండూ అదుపులో ఉంచుకోవాలి.

జగిత్యాల పెద్దాయనకు మా మనవి ఇది: మస్జిద్ కమిటీ మిషను కొననవసరం లేదు. కసాయి సోదరులను కూర్చోబెట్టి జబహ్ నియమాలు, కత్తి పదును, పనిముట్ల శుభ్రత గురించి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇప్పించండి. మిషను చెప్పలేని మాటను వారి నిజాయితీయే చెప్పాలి.

ఏ సెన్సరూ పట్టుకోలేని హరామ్

చివరిగా ఒక సంఘటన. హజ్రత్ అబూబకర్ (రజి) వద్ద ఉన్న సేవకుడు ఒకరోజు ఆయనకు తినడానికేదో తెచ్చాడు. ఆయన తిన్నారు. అజ్ఞానకాలంలో తాను ఒకరికి జోస్యం పేరుతో మోసం చేసి చెప్పిన మాటలకు ప్రతిఫలంగా అది దొరికిందని తరువాత ఆ సేవకుడు తెలిపాడు. వెంటనే హజ్రత్ అబూబకర్ (రజి) గొంతులో వేలు పెట్టి కడుపులో ఉన్నదంతా కక్కేశారు (బుఖారీ).

ఆలోచించండి. ఆ ఆహారంలో కల్తీ లేదు. నేటి ఏ ప్రయోగశాలకు పంపినా దానిలో దోషం కనిపించదు. దోషం సంపాదనలో ఉంది. మనం పంది కొవ్వు జాడ కోసం డబ్బా వెనుక సన్నని అక్షరాలు కళ్ళు చికిలించుకొని చదువుతున్నాం. చదవవలసిందే. కానీ ఆ డబ్బా కొన్న డబ్బులో వడ్డీ ఉందా? బీడీలు చుట్టిన ఆడబిడ్డకు ఇవ్వవలసిన కూలి ఉందా? మగ్గం నడిపినవానికి ఎగ్గొట్టిన రోజు ఉందా? ఆస్తిలో అక్కచెల్లెళ్ళకు ఇవ్వని వాటా ఉందా? ఈ జాడలు పట్టే సెన్సర్‌ను అల్లాహ్ ప్రతి విశ్వాసి గుండెలోనే అమర్చాడు. దానిని తుప్పు పట్టకుండా చూసుకోవడం మన పని.

పాఠాన్ని మననం చేసుకుందాం

1. డి.ఎన్.ఏ. పరీక్ష ఏ విషయాన్ని తేలుస్తుంది? ఏ విషయాన్ని తేల్చలేదు?
2. జెలటిన్ విషయంలో "జాడ కనిపించలేదు" అన్న నివేదిక ఎందుకు సరిపోదు?
3. సందేహాస్పదమైనది మానుకోవడానికి, ఇతరులను అనుమానించడానికి మధ్య తేడా ఏమిటి?
4. ఈ నెలలో మీరు పరీక్షించకుండా ఇతరులకు పంపిన వార్త ఏదైనా ఉందా? ఉంటే దానిని ఎలా సరిదిద్దుతారు?

అల్లాహ్ మనందరికీ ధర్మసమ్మతమైన ఉపాధిని, పరిశుద్ధమైన ఆహారాన్ని, ఇతరుల పట్ల మంచి అభిప్రాయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.